దాడి జరిగిన చోటుకు జవాబుదారీ ఎవరు?

ఒక మనిషి మీద దాడి జరిగితే చట్టం ముందు రెండు ప్రశ్నలు నిలుస్తాయి. కొట్టింది ఎవరన్నది మొదటిది. దానికి జవాబు పోలీసులు వెతుకుతారు, శిక్ష క్రిమినల్ కోర్టు వేస్తుంది. ఆ దాడి జరగకుండా చూడాల్సిన బాధ్యత ఇంకెవరి మీదైనా ఉందా, ఉండీ వాళ్లు పట్టించుకోలేదా అన్నది రెండోది. దానికి జవాబు గాయపడ్డవాళ్లే వెతుక్కోవాలి, సివిల్ కోర్టులో నిరూపించుకోవాలి. మొదటి ప్రశ్న పేపర్లకు ఎక్కుతుంది. రెండోది చాలామందికి తట్టనే తట్టదు. ఆస్పత్రి ఖర్చు, పోయిన జీతం, జీవితాంతం మిగిలే వైకల్యం, వీటికి తగిన పరిహారం దొరుకుతుందా లేదా అన్నది మాత్రం తరచుగా ఈ రెండో ప్రశ్న మీదే ఆధారపడి ఉంటుంది. కొట్టినవాడు దొరక్కపోవచ్చు. దొరికినా వాడి దగ్గర పైసా లేకపోవచ్చు.

హైదరాబాద్‌లో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాలకు ఈ విషయం బాగా దగ్గరిది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సినిమా హాళ్లు, నారాయణగూడలో కాలేజీలు, చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం, అశోక్‌నగర్‌లో గ్రూప్స్, సివిల్స్ కోచింగ్ సెంటర్లు, వాటి చుట్టూ సందుసందునా హాస్టళ్లు. పాలమూరు నుంచో, ఆదిలాబాద్ నుంచో, ఖమ్మం నుంచో వచ్చిన పిల్లలు పగలంతా రీడింగ్ రూముల్లో గడిపి, రాత్రి మెస్సులో తిని, చీకటి మెట్లెక్కి గదికి చేరతారు. గేటు ఇంకొకరిది, తాళం ఇంకొకరిది, వాచ్‌మన్‌ను పెట్టింది ఇంకొకరు. వాళ్ల భద్రత సగం వాళ్ల చేతుల్లో లేదు. దాని కోసం నెలనెలా డబ్బు కడుతున్నారు కాబట్టి, ఆ సగానికి ఎవరు జవాబు చెప్పాలో వాళ్లకు తెలిసి ఉండాలి.

చట్టంలో దీని చోటు

నిర్లక్ష్యం వల్ల కలిగిన నష్టానికి పరిహారం ఇప్పించే నియమాలను టార్ట్ చట్టం అంటారు. భారతదేశంలో దీనికి భారతీయ న్యాయ సంహిత లాంటి ఒకే ఒక్క పుస్తకం లేదు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన సూత్రాలను మన కోర్టులు తీర్పుల ద్వారా మన పరిస్థితులకు మలుచుకుంటూ వచ్చాయి. బాధితులు నాలుగు విషయాలు చూపించాలి. తమ పట్ల జాగ్రత్త తీసుకోవాల్సిన బాధ్యత ప్రతివాదికి ఉంది, ఆ జాగ్రత్త తీసుకోలేదు, తీసుకోకపోవడం వల్లనే ఈ గాయం అయింది, గాయం వల్ల ఇంత నష్టం జరిగింది.

వీటిలో మూడోది దాడి కేసుల్లో పెద్ద చిక్కు. మెట్ల మీద నూనె ఒలికి ఎవరైనా జారిపడితే తప్పు నూనెను తుడవనివాడిదే, మధ్యలో మరొకరు లేరు. దాడిలో మాత్రం మధ్యన ఒక నేరస్తుడు ఉన్నాడు, వాడు కావాలని కొట్టాడు. "మా తప్పేముంది, ఎవడో వచ్చి చేసిన పనికి మేమెందుకు కట్టాలి" అని యజమాని అడుగుతాడు. ఈ వాదనలో బలం ఉంది. మామూలుగా ఒకరి నేరానికి మరొకరు బాధ్యులు కారు. అయితే ఆ నేరాన్ని అడ్డుకోవడమే ఎవరి బాధ్యతో, వాళ్లకు ఈ మాట పనికిరాదు. కాపలా పెట్టుకున్నదే దొంగ కోసమైనప్పుడు, దొంగ వచ్చాడు కాబట్టి కాపలాదారు తప్పు లేదనడం కుదరదు.

అందువల్ల కోర్టులు రెండు విషయాలు గట్టిగా చూస్తాయి. ప్రమాదం ముందే ఊహించదగిందా? ఆ చోటు మీద, ఆ మనుషుల మీద ప్రతివాదికి అదుపు ఉందా? ఈ రెండూ ఉన్న చోట బాధ్యత నిలుస్తుంది. ఒక్కటి లేకపోయినా కేసు పలచబడుతుంది.

కోయిలకుంట్ల సబ్‌జైలు

ఈ అంశం మీద లా కాలేజీల్లో పాఠంగా చెప్పే తీర్పు ఒకటి తెలుగు నేల మీదే పుట్టింది. అప్పటి కర్నూలు జిల్లాలో ఉన్న కోయిలకుంట్ల (ఇప్పుడు నంద్యాల జిల్లా) సబ్‌జైలులో 1977లో చల్లా చిన్నప్పరెడ్డి, ఆయన కుమారుడు చల్లా రామకృష్ణారెడ్డి రిమాండు ఖైదీలుగా ఉన్నారు. ఇద్దరూ ఒకే గదిలో, ఏడో నంబరు గదిలో ఉన్నారు. మే 5వ తేదీ రాత్రి గడిచి 6వ తేదీ తెల్లవారుజామున సుమారు మూడున్నరకు కొందరు జైలు ఆవరణలోకి చొరబడి ఆ గదిలోకి బాంబులు విసిరారు. చిన్నప్పరెడ్డికి తీవ్ర గాయాలై కర్నూలు ప్రభుత్వాస్పత్రిలో చనిపోయారు. కొడుకు గాయాలతో బయటపడ్డారు.

బాంబులు వేసినవాళ్ల మీద క్రిమినల్ కేసు వేరే సంగతి. రామకృష్ణారెడ్డి, ఆయన తల్లి, సోదరులు కలిసి ప్రభుత్వం మీద సివిల్ దావా వేశారు. తమకు ప్రాణభయం ఉందని, రక్షణ కావాలని ముందే చెప్పుకున్నా తగిన కాపలా పెట్టలేదని, ఆ నిర్లక్ష్యమే ప్రాణం తీసిందని 10 లక్షల రూపాయలు అడిగారు. ప్రభుత్వం రెండు అడ్డంకులు పెట్టింది. జైలు నడపడం సార్వభౌమ విధి, అందులో పొరపాటు జరిగినా ప్రభుత్వం మీద దావా చెల్లదన్నది మొదటిది. చట్టం కింద చేసిన పనుల మీద దావాకు ఏడాదే గడువు, అది దాటిపోయిందన్నది రెండోది. కింది కోర్టు గడువు వాదనను ఒప్పుకుని దావా కొట్టేసింది.

ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ తీర్పును తిరగరాసింది. తీర్పు రాసిన న్యాయమూర్తి బి.పి. జీవన్‌రెడ్డి. జైల్లో ఉన్నా ఖైదీకి రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కు పోదు, ఆ హక్కుకు భంగం కలిగినప్పుడు సార్వభౌమ విధి అనే డాలు అడ్డు పెట్టుకోవడానికి లేదు అని కోర్టు తేల్చింది. కాపలా కాయకపోవడం చట్టాన్ని అమలు చేయడం కిందికి రాదు కాబట్టి ఏడాది గడువు వర్తించదని, మూడేళ్ల గడువే వర్తిస్తుందని చెప్పింది. 1,44,000 రూపాయలు, దావా వేసిన నాటి నుంచి ఏటా 6 శాతం వడ్డీ చెల్లించాలని డిక్రీ ఇచ్చింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2000 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ అప్పీలును కొట్టేసి హైకోర్టు తీర్పునే నిలబెట్టింది.

బాంబు పడిన రాత్రి నుంచి చివరి తీర్పు దాకా 23 ఏళ్లు పట్టింది. ఇది మన న్యాయవ్యవస్థకు మచ్చే. అయినా ఆ కుటుంబం నిలబడి పోరాడినందువల్ల ఒక సూత్రం స్థిరపడింది. కాపాడాల్సినవాడు కాపాడకపోతే, దెబ్బ కొట్టింది వేరేవాళ్లైనా, పరిహారం కట్టాల్సిందే. జైలు గదికి వర్తించిన ఈ తర్కాన్నే హాస్టల్ గదికీ, రైలు పెట్టెకూ, సినిమా హాలుకూ అన్వయించి చూడవచ్చు. ఖైదీకి మాత్రం తన తలుపు తాను వేసుకునే స్వేచ్ఛ కూడా లేదు, అందుకే అక్కడ బాధ్యత అంత గట్టిది. మిగతా చోట్ల అదుపు ఎవరిదన్నది కొలిచి చూడాల్సి ఉంటుంది.

రైలు, సినిమా హాలు, హోటలు

నారాయణగూడ పక్కనే కాచిగూడ స్టేషను. రైల్లోనో ప్లాట్‌ఫారం మీదో దాడి జరిగితే బాధితులకు ఉన్న దారి మిగతా చోట్ల కంటే సులువైనది. రైల్వే చట్టం 123, 124-ఎ సెక్షన్ల ప్రకారం రైల్లోగానీ స్టేషను ఆవరణలోగానీ జరిగే హింసాత్మక దాడి, దోపిడీ, అల్లర్లు, కాల్పుల వంటివి "అవాంఛనీయ ఘటన" కిందికి వస్తాయి. సరైన టికెట్టు ఉన్న ప్రయాణికుడు రైల్వే తప్పును నిరూపించనక్కర్లేకుండానే పరిహారం కోరవచ్చు. చనిపోతే 8 లక్షలు. గాయాలకు వాటి తీవ్రతను బట్టి ఇస్తారు. ఏడాదిలోపు రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేయాలి, దాని బెంచి సికింద్రాబాద్‌లోనే ఉంది.

రైల్వే తప్పు స్పష్టంగా ఉన్నప్పుడు సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా మాట్లాడిన సందర్భాలూ ఉన్నాయి. ముంబయి లోకల్ రైలు మొదటి తరగతి మహిళల పెట్టెలో ప్రయాణిస్తున్న ఒకామెను దొంగలు కొట్టి దోచుకోగా ఆమె చనిపోయింది. గొలుసు లాగినా రైలు ఆగలేదన్నది భర్త ఫిర్యాదు. రైల్వే తన జాగ్రత్త బాధ్యతను నెరవేర్చలేదని 1998లో సుప్రీంకోర్టు 2 లక్షల పరిహారం ఇప్పించింది. హౌరాలోని రైల్వే యాత్రీ నివాస్‌లో ఒక బంగ్లాదేశ్ మహిళపై రైల్వే ఉద్యోగులతో సహా కొందరు సామూహిక అత్యాచారం చేసిన కేసులో 2000లో 10 లక్షల పరిహారాన్ని ఖాయం చేసింది. బాధితురాలు విదేశీయురాలన్న వాదన గానీ, ఉద్యోగులు సొంతంగా చేసిన నేరానికి ప్రభుత్వం కట్టనక్కర్లేదన్న వాదన గానీ నిలబడలేదు.

సినిమా హాళ్ల విషయంలో దేశానికి కొలమానం ఢిల్లీ ఉపహార్ కేసు. ఆ హాలులో 1997 జూన్ 13న జరిగిన అగ్నిప్రమాదంలో 59 మంది చనిపోయారు. అది దాడి కాదు. కానీ టికెట్టు కొన్న ప్రేక్షకుడి ప్రాణానికి హాలు యజమాని ఎంతవరకు బాధ్యుడో తేల్చింది అదే. 2011లో సుప్రీంకోర్టు పరిహారంలో 85 శాతం హాలు లైసెన్సుదారు మీద, 15 శాతం విద్యుత్ బోర్డు మీద వేసింది. 20 ఏళ్లు దాటిన మృతులకు 10 లక్షలు, అంతకు తక్కువ వయసువాళ్లకు ఏడున్నర లక్షలుగా నిర్ణయించింది. మున్సిపల్ కార్పొరేషన్‌ను, లైసెన్సు ఇచ్చిన అధికారిని బాధ్యత నుంచి తప్పించింది. ఈ చివరి భాగం ఇప్పటికీ బాధ పెట్టేదే. అనుమతి ఇచ్చి, తర్వాత తొంగిచూడని అధికారికి పరిహారం సెగ తగలకపోతే తనిఖీలు కాగితం మీదే మిగిలిపోతాయి.

చిక్కడపల్లి పోలీస్ స్టేషన్ పరిధిలోని సంధ్య థియేటర్ దగ్గర 2024 డిసెంబరు 4 రాత్రి 'పుష్ప-2' ప్రీమియర్ సమయంలో జరిగిన తొక్కిసలాటలో ఒక మహిళ చనిపోయింది, ఆమె కొడుకు ప్రాణాపాయ స్థితికి వెళ్లాడు. పోలీసులు భారతీయ న్యాయ సంహిత 105, 118(1) సెక్షన్ల కింద కేసు పెట్టారు. ఎవరి తప్పెంతో తేల్చాల్సింది కోర్టు. చిత్రవర్గాలు ఆ కుటుంబానికి 2 కోట్ల రూపాయలు ప్రకటించాయి. ఆ సాయం మంచిదే. కానీ దేశమంతా చూసిన ఘటన కాబట్టి ఆ కుటుంబానికి అంత సాయం అందింది. కెమెరాలు లేని రాత్రి, పేరులేని హాలు ముందు గాయపడినవాళ్లకు ప్రకటనలు రావు. వాళ్లకు మిగిలేది హక్కుగా అడిగే పరిహారమే.

ఆ ఘటన తర్వాత అప్పటి నగర పోలీస్ కమిషనర్ సి.వి. ఆనంద్ బౌన్సర్లనూ, వాళ్లను పంపే ఏజెన్సీలనూ బహిరంగంగా హెచ్చరించారు. సివిల్ చట్టంలో బౌన్సర్ల సంగతి కాపలా లోపం కంటే తేలిక. యజమాని పని మీద ఉండగా బౌన్సరో సెక్యూరిటీ గార్డో ప్రేక్షకుడిని కొడితే, సేవకుడి తప్పుకు యజమాని బాధ్యుడన్న పాత సూత్రమే చాలు. ఏజెన్సీకి 2005 నాటి ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద లైసెన్సు ఉందా, ఆ మనిషికి శిక్షణ ఇచ్చారా, అతని పూర్వచరిత్ర చూశారా అన్నవి కూడా అప్పుడు అడగాల్సిన ప్రశ్నలే.

హోటళ్లు, పార్కింగ్ స్థలాల గోడల మీద కనిపించే "యాజమాన్యం బాధ్యత వహించదు" బోర్డు చూసి చాలామంది వెనక్కి తగ్గుతారు. తగ్గనక్కర్లేదు. ఢిల్లీలోని తాజ్‌మహల్ హోటల్‌లో 1998లో సిబ్బందికి అప్పగించిన కారును కొందరు ఎత్తుకుపోయిన కేసులో, పార్కింగ్ చీటీ మీద అలాంటి షరతు అచ్చు వేసినంత మాత్రాన సొంత నిర్లక్ష్యానికి హోటలు తప్పించుకోలేదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. వస్తువు విషయంలోనే చెల్లని బోర్డు మనిషి ఒంటి విషయంలో చెల్లుతుందని అనుకోవడానికి కారణం లేదు.

హాస్టల్ గేటు

అశోక్‌నగర్ లాంటి చోట ఈ సూత్రాలు ఎలా పనిచేస్తాయో ఒక ఊహాజనిత సందర్భంలో చూడవచ్చు. నాలుగంతస్తుల హాస్టలు. కింది గేటు గడియ విరిగింది. అంతకు ముందు నెలలో ఎవరో పైకి వచ్చి రెండు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్ ఎత్తుకుపోయారు. విద్యార్థులు వాట్సాప్ గ్రూపులో వార్డెన్‌కు చెప్పారు. "రేపు వెల్డింగ్ వాడిని పిలుస్తా" అన్న జవాబు వచ్చింది. రేపు రాలేదు. మెట్ల దగ్గర బల్బు కూడా మాడిపోయింది. రాత్రి రెండు గంటలకు బయటివాడు లోపలికి వచ్చి, అడ్డుకోబోయిన విద్యార్థిని ఇనుప రాడ్డుతో కొట్టాడు. మోచేయి ఎముక విరిగింది.

ఇక్కడ గేటు మీద అదుపు హాస్టల్ యజమానిదే. ముందు జరిగిన దొంగతనం వల్ల ప్రమాదం ఊహించదగిందే. వాట్సాప్ సందేశం వల్ల లోపం తెలియదని చెప్పే వీలు లేదు. గడియ బిగించే ఖర్చు నష్టంతో పోలిస్తే లెక్కలోకి రానిది. కేసు బలంగా ఉంది. ఇవే వివరాలు కొంచెం మారిస్తే కేసు కూడా మారుతుంది. గేటు బాగానే ఉండి, వాచ్‌మన్ మెలకువగా ఉండి, విద్యార్థే తెలిసినవాడిని లోపలికి తెచ్చుకోగా ఇద్దరి మధ్య గొడవై కొట్టుకుంటే యజమానిని పట్టుకోవడం కష్టం. కొట్టినవాడి మీదే దావా వేయాలి.

ఇలాంటి ప్రశ్న మీద విదేశీ కోర్టులు కూడా ఒకే మాట చెప్పలేదు. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో ఒక పెద్ద అపార్టుమెంటు భవనంలో ఒకామె అద్దెకు దిగినప్పుడు గుమ్మం దగ్గర 24 గంటలూ కాపలా ఉండేది. క్రమంగా ఆ కాపలా తీసేశారు. భవనంలో దాడులు, దొంగతనాలు పెరిగాయి, యజమానికి తెలుసు. 1966లో ఆమె మీద వరండాలోనే దాడి జరిగింది. యజమాని బాధ్యుడేనని 1970లో అక్కడి అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. ఆస్ట్రేలియా హైకోర్టు 2000లో ఇందుకు భిన్నంగా వెళ్లింది. ఒక షాపింగ్ సెంటర్ కార్ పార్కింగ్‌లో రాత్రి దీపాలు ఆర్పేశారు. పని ముగించుకుని వస్తున్న ఉద్యోగిని ఆ చీకట్లో ముగ్గురు కొట్టారు. బయటి నేరస్తుల మీద సెంటర్ యజమానికి అదుపు లేదు, కాబట్టి బాధ్యత లేదని మెజారిటీ న్యాయమూర్తులు అన్నారు. మన దేశంలో హాస్టల్ దాడుల మీద నేరుగా ఇంత స్పష్టంగా మాట్లాడిన సుప్రీంకోర్టు తీర్పు కోసం చూడటం కంటే, కోయిలకుంట్ల, ముంబయి రైలు తీర్పుల్లోని తర్కాన్ని ముందుకు తీసుకెళ్లడమే లాయర్లకు మేలైన దారి.

తెలుగు రాష్ట్రాల్లో ఇందుకు తోడుగా ఒక చట్టం ఉంది. 2013లో ఉమ్మడి రాష్ట్ర శాసనసభ చేసిన ప్రజా భద్రత (చర్యల) అమలు చట్టం అది. ఒకేసారి 100 మంది గానీ, రోజుకు 500 మంది గానీ వచ్చే అవకాశం ఉన్న సంస్థలు లోపలికి వచ్చిపోయేవాళ్ల మీద నిఘా పెట్టాలి, సీసీ కెమెరాలు అమర్చాలి, ఆ దృశ్యాలు 30 రోజులు దాచాలి. పెద్ద కోచింగ్ సెంటర్లు, హాళ్లు, పెద్ద హాస్టళ్లు ఈ లెక్కలోకి వస్తాయి. ఈ చట్టం ఉల్లంఘిస్తే జరిమానా వేస్తారు. బాధితుడికి దీని అసలు విలువ వేరే ఉంది. తీసుకోవాల్సిన కనీస జాగ్రత్త ఏమిటో చట్టమే రాసిపెట్టింది కాబట్టి, అది కూడా తీసుకోలేదని చూపిస్తే నిర్లక్ష్యం సగం రుజువైనట్టే.

పని మీద ఉన్నప్పుడు జరిగే దాడులకు మరో దారి ఉంది. నాగాలాండ్‌లో ఒక ఆటో డ్రైవర్‌ను ప్రయాణికులుగా ఎక్కినవాళ్లే చంపి ఆటో ఎత్తుకుపోయారు. వాళ్ల అసలు ఉద్దేశం ఆటో దొంగతనం, హత్య ఆ క్రమంలో జరిగింది, కాబట్టి మోటారు వాహనాల చట్టం కింద అది ప్రమాదవశాత్తు జరిగిన మరణమేనని 2000లో సుప్రీంకోర్టు చెప్పి కుటుంబానికి పరిహారం ఇప్పించింది. రాత్రిళ్లు క్రాస్‌రోడ్స్ దగ్గర ఆటో నడిపేవాళ్లకు, డెలివరీకి తిరిగే కుర్రాళ్లకు ఈ తీర్పు తెలియాలి.

ఏ తలుపు తట్టాలి

ఒకే దాడికి ఒకటి కంటే ఎక్కువ దారులు ఉండొచ్చు, ఒక దారిలో వెళ్లినంత మాత్రాన మిగతావి అన్నీ మూసుకుపోవు. గాయాలకు పరిహారం కోరే సివిల్ దావాకు మామూలుగా మూడేళ్ల గడువు. మనిషి చనిపోతే 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, పిల్లల కోసం రెండేళ్లలోపు దావా వేయాలి. హైదరాబాద్‌లో ఇవి సిటీ సివిల్ కోర్టులకు వెళ్తాయి. అడిగే మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి, చాలామంది వెనకడుగు వేసేది ఇక్కడే. ఫీజు కట్టే స్తోమత లేనివాళ్లు సివిల్ ప్రొసీజర్ కోడ్ 33వ ఆర్డర్ కింద నిర్ధనులుగా దావా వేసుకోవడానికి అనుమతి కోరవచ్చు. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. ఆ సహాయానికి ఫోన్ నంబరు 15100.

హాస్టల్‌కు, హోటల్‌కు, హాలుకు డబ్బు కట్టినవాళ్లు వినియోగదారులు కూడా. సేవలో లోపం ఉందని రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు. 2019 చట్టం వచ్చాక ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. దెబ్బలు తిని సొంతూరు చేరిన విద్యార్థికి ఇది పెద్ద ఊరట, నాగర్‌కర్నూల్ నుంచో ఆసిఫాబాద్ నుంచో వాయిదా వాయిదాకు హైదరాబాద్ బస్సెక్కనక్కర్లేదు.

క్రిమినల్ కేసులో శిక్ష పడినప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 395వ సెక్షన్ కింద కోర్టు నేరస్తుడి నుంచే పరిహారం ఇప్పించవచ్చు. తర్వాత సివిల్ దావాలో గెలిస్తే ఆ సొమ్మును లెక్కలోకి తీసుకుంటారు, అంతేగానీ దావా చెల్లదని అనరు. 396వ సెక్షన్ కింద ప్రభుత్వ బాధితుల పరిహార పథకం ఉంది. నేరస్తుడు దొరక్కపోయినా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చు, విచారణ రెండు నెలల్లో ముగించాలని చట్టమే చెబుతోంది. అత్యాచార, యాసిడ్ దాడి బాధిత మహిళలకు 2018 నుంచి ప్రత్యేక పథకం అమల్లో ఉంది. ఈ సొమ్ము ప్రభుత్వం ఇచ్చే ఆసరా మాత్రమే. నిర్లక్ష్యం చేసినవాళ్ల జవాబుదారీతనం దీనితో తీరిపోదు.

నిందితుడు క్రిమినల్ కోర్టులో నిర్దోషిగా బయటపడితే అంతా అయిపోయిందని కుటుంబాలు కుంగిపోతాయి. క్రిమినల్ కోర్టుకు సందేహానికి తావులేని రుజువు కావాలి. సివిల్ కోర్టుకు ఎవరి మాట ఎక్కువ నమ్మదగ్గదిగా ఉంటే చాలు. పైగా హాస్టల్ యజమాని మీద దావాలో ప్రశ్న గేటు గురించి. రాడ్డు ఏ చేతిలో ఉందో తేలకపోయినా గడియ లేదన్నది తేలుతుంది.

ఎంత అడగాలన్నదానికి కోర్టులు మోటారు ప్రమాదాల కేసుల్లో స్థిరపడిన పద్ధతినే తరచుగా ఆసరా చేసుకుంటాయి. వైద్య ఖర్చులు, మంచాన ఉన్నన్నాళ్ల ఆదాయం, తోడు మనిషి ఖర్చు, నొప్పి, బాధ, జీవితంలో కోల్పోయిన సుఖాలు విడివిడిగా లెక్కిస్తారు. శాశ్వత వైకల్యం ఉంటే సంపాదన శక్తి ఎంత తగ్గిందో చూసి వయసును బట్టి ఒక గుణకంతో హెచ్చిస్తారు. 2009 నాటి సరళా వర్మ తీర్పు ప్రకారం 21 నుంచి 25 ఏళ్ల వయసుకు ఆ గుణకం 18. నెలకు 15,000 సంపాదించగల 23 ఏళ్ల యువకుడి సంపాదన శక్తి 20 శాతం తగ్గిందనుకుంటే ఏటా 36,000 నష్టం, 18తో హెచ్చిస్తే 6,48,000. ఇది ఒక్క పద్దు మాత్రమే. ఉద్యోగం లేని విద్యార్థికి సున్నా ఆదాయం అని రాయడం తప్పు, అతని చదువును బట్టి ఊహాజనిత ఆదాయం వేయాలి.

మొదటి నెల

ఇలాంటి కేసులు చట్టం లేక ఓడిపోవు, సాక్ష్యం లేక ఓడిపోతాయి. సీసీ కెమెరా రికార్డరు నిండగానే పాత దృశ్యాల మీద కొత్తవి ఎక్కించేస్తుంది. చట్టం దాచమన్నదే 30 రోజులు, చాలా చోట్ల అన్నాళ్లు కూడా ఉంచరు. విరిగిన గడియకు దాడి జరిగిన మర్నాడే వెల్డింగ్ పడుతుంది. పాత వాచ్‌మన్ ఊరికి వెళ్లిపోతాడు. సందర్శకుల రిజిస్టరు మారిపోతుంది.

కాబట్టి ముందు ఆస్పత్రి. గాంధీకి వెళ్లినా, కింగ్‌కోఠికి వెళ్లినా, ప్రైవేటుకు వెళ్లినా దాడి వల్ల అయిన గాయమని చెప్పి మెడికో లీగల్ కేసుగా నమోదు చేయించాలి. పోలీసులు వచ్చేదాకా వైద్యం ఆపకూడదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. ఎఫ్‌ఐఆర్ ప్రతి ఫిర్యాదుదారుకు ఉచితం. ఏ స్టేషను పరిధి అన్న వాదనతో వెనక్కి పంపితే జీరో ఎఫ్‌ఐఆర్ అడగాలి. గేటు, మెట్లు, బల్బు, తాళం అదే రోజు తేదీ పడేలా ఫోటోలు తీయాలి. అద్దె రసీదులు, యూపీఐ చెల్లింపులు, వార్డెన్‌తో నడిచిన సందేశాలు చెరిపేయకూడదు. డిజిటల్ సాక్ష్యాన్ని కోర్టులో పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి, ఈ సంగతి లాయరుకు మొదటి రోజే గుర్తుచేయడం మంచిది.

ఆస్పత్రి తర్వాత అస్సలు ఆలస్యం చేయకూడని పని ఒక ఉత్తరం. దాడి జరిగిన తేదీ, సమయం రాసి, ఆ రాత్రి సీసీ కెమెరా దృశ్యాలు, రిజిస్టరు, కాపలా సిబ్బంది హాజరు పట్టీ చెరపకుండా దాచి ఉంచాలని సంస్థ యజమానికి స్పీడ్ పోస్టులో పంపాలి, ప్రతిని పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి ముద్ర వేయించుకోవాలి. ఆ తర్వాత దృశ్యాలు పోయాయని యజమాని చెబితే, ఎందుకు పోయాయో కోర్టుకు ఆయనే చెప్పుకోవాల్సి వస్తుంది. ఈ ఉత్తరానికి లాయరు కూడా అక్కర్లేదు. గాయపడ్డ మనిషి రాయలేని స్థితిలో ఉంటే గదిలో తోటివాళ్లు గానీ, ఇంటివాళ్లు గానీ ఆ ఉత్తరం రాయాలి, 30 రోజులు గడిచేలోపే రాయాలి.